పరిశోధక ప్రవేశము: పరీక్షయు, నిరీక్షణయు

ఏటేట మాఘ ఫాల్గుణ మాసములు వచ్చుసరికి తెలుగుదేశమున నెన్నో యిండ్లలో ఒక విధమైన ఉత్కంఠ నెలకొనుచున్నది. ఎం.ఎస్‌సి. ముగించిన కుమారుడో, ఇంజినీరింగు ముగించిన కుమార్తెయో పరిశోధక విద్యకై విదేశ విశ్వవిద్యాలయములకు దరఖాస్తులు పంపియుందురు. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చునా యని కొంతకాలము, పిలుపు వచ్చి ముగిసిన పిదప ఫలిత మేమగునో యని మరికొంతకాలము దినములు లెక్కింపబడుచుండును. ఈ యుత్కంఠయే వైశాఖ జ్యేష్ఠములందు మన దేశపు విద్యాసంస్థలకు దరఖాస్తు చేసినవారి యిండ్లలో మరల కనబడును. ఇంటర్వ్యూకు సిద్ధపడుట యొక విద్య. తీర్పునకై వేచియుండుట మరియొక విద్య. ఈ రెండు విద్యలను మన పిల్లలకు ఎవరును నేర్పుట లేదు. మొదటిదానిని మన సమాజము కంఠపాఠముగా మార్చినది. రెండవదానిని ఇంటిల్లిపాదికి శిక్షగా మార్చినది. ఈ స్థితి మారవలెనని మా యభిప్రాయము.

మనది ర్యాంకుల సంప్రదాయము. ప్రవేశపరీక్షలో ఒక సంఖ్య వచ్చును. ఆ సంఖ్యను బట్టి కళాశాలయు, అందలి శాఖయు నిర్ణయమగును. ఎవరికి ఏ సీటు ఏల వచ్చెనో, ఎవరికి ఏల రాలేదో పదిమందికి తెలియును. ఈ పద్ధతి కఠినమైనదే కాని యిందొక స్పష్టత కలదు. పరిశోధక ప్రవేశమున నట్టి స్పష్టత లేదు, ఉండుటకును వీలులేదు. ఏలయన అచ్చట తూచబడునది విద్యార్థికి తెలిసిన సమాధానముల మొత్తము కాదు. ఇంకను ఎవరికిని సమాధానము తెలియని ప్రశ్న నొకదానిని పట్టుకొని ఐదారేండ్లు ఓర్పుతో శ్రమింపగలడా, శ్రమించుటలో నిజాయితీ నిలుపుకొనగలడా యన్నదే యచ్చటి విచారణ. దీనిని ఏ ర్యాంకును చెప్పజాలదు. అందుకే ఇంటర్వ్యూ ఏర్పడినది.

మన దేశమున దీని పద్ధతి యెట్లున్నదో ముందుగా చూతము. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2022 నవంబరులో ప్రకటించిన పి.హెచ్.డి. నిబంధనల ప్రకారము, విశ్వవిద్యాలయము తానే ప్రవేశపరీక్ష జరిపినచో వ్రాతపరీక్షకు నూటికి 70 పాళ్లు, ఇంటర్వ్యూకు 30 పాళ్లు. 2024 జూన్ మొదలుకొని 'నెట్' పరీక్షాఫలితములనే పి.హెచ్.డి. ప్రవేశమునకు వినియోగించు ఏర్పాటును వచ్చినది. అందు జూనియర్ రిసెర్చి ఫెలోషిప్పు సంపాదించినవారికి ఇంటర్వ్యూయే ఆధారము. తక్కినవారికి మరల ఆ 70, 30 పాళ్ల లెక్కయే. ముప్పది పాళ్లే కదా యని తేలికగా తీసికొనువారు కలరు. వ్రాతపరీక్షలో ఒకరి వెంట నొకరుగా నిలిచిన అభ్యర్థుల మధ్య ఆ ముప్పది పాళ్లే తీర్పరులని వారు గ్రహింపవలెను. 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలుగా పెరిగిన ఆ ఫెలోషిప్పు, తండ్రిపై ఆధారపడకుండ చదువుకొనుటకు సామాన్య కుటుంబపు విద్యార్థికి దొరకు అవకాశము. కావున ఈ ఇంటర్వ్యూ కేవలము గౌరవమునకు సంబంధించినది కాదు, జీవనమునకు సంబంధించినది.

అమెరికాకు పోవువారి సంగతి మరియొకటి. 2023–24 విద్యాసంవత్సరమున ఆ దేశమందలి భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. చదువు ముగించి శిక్షణోద్యోగములలో నున్నవారును ఇందు చేరియున్నారు. ఏ యితర దేశము నుండియు అంతమంది లేరు. వారిలో తెలుగువారి పాలు చిన్నది కాదు. వీరిలో పెక్కుమంది స్వంత ఖర్చుతో ఎం.ఎస్. చదువువారు. పి.హెచ్.డి.కి పోవువారి త్రోవ వేరు. సామాన్యముగా డిసెంబరులో దరఖాస్తుల గడువు ముగియును. జనవరి, ఫిబ్రవరి మాసములలో ఇంటర్వ్యూలు జరుగును. ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు ఉత్తరువులు వచ్చుచుండును. గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానముపై సంతకము చేసిన విశ్వవిద్యాలయములు, విద్యార్థివేతనముతో కూడిన ఆహ్వానమునకు ఏప్రిల్ 15వ తేదీకి ముందుగా జవాబు చెప్పితీరవలెనని విద్యార్థిని నిర్బంధింపవు. ఈ తేదీని ప్రతి విద్యార్థియు, ప్రతి తండ్రియు గుర్తుంచుకొనదగును. దానివలన కలుగు మేలును, దానివెంట వచ్చు బాధ్యతయును ముందు చెప్పెదము.

ఇక సిద్ధపడుట యెట్లు? పట్టణములలో ఇప్పుడు ఇంటర్వ్యూ సమాధానములను అచ్చువేసి అమ్ముచున్నారు. "నీ బలహీనత యేమి?" అని యడిగినచో "అతిగా శ్రమించుటయే నా బలహీనత" యని చెప్పవలెనట! ఇట్టి మాటలు విని విని ఆచార్యుల చెవులు కాయలు కాచియున్నవి. కంఠస్థము చేసిన వాక్యము నోట వెలువడిన వెంటనే ఎదుటివారికి తెలిసిపోవును. అంతకన్న హీనమైనది, కంప్యూటరు తెర వెనుక మరియొకరిని కూర్చుండబెట్టి సమాధానములు అందిపించుకొనుట. ఇది మోసము. ఒకని మోసము బయటపడినపుడు నష్టపోవునది వాడొక్కడే కాదు. ఆ తరువాతి యేట అదే కళాశాల నుండి పోవు నిర్దోషులును అనుమానమునకు గురియగుదురు.

నిజమైన సన్నాహము ఇంతకన్న సులభము, ఇంతకన్న కష్టము కూడను. విద్యార్థి తాను ఇంతవరకు చేసిన పనిని తానే చక్కగా ఎరిగియుండవలెను. ఎం.ఎస్‌సి. చివర చేసిన ప్రాజెక్టులో ఆ పద్ధతినే ఏల అనుసరించితివి, మరియొక పద్ధతిని ఏల విడిచితివి, వచ్చిన ఫలితము తప్పుకాదని నీకెట్లు తెలియును, మరల చేయవలసివచ్చినచో దేనిని మార్చెదవు? ఈ నాలుగు ప్రశ్నలకు స్వంత మాటలలో జవాబు చెప్పగలవాడు సగము గెలిచినట్లే. తన పనిని రెండు నిమిషములలో నొకమారు, పది నిమిషములలో నొకమారు చెప్పుట సాధన చేయవలెను. ఎవరితో పనిచేయగోరుచున్నాడో ఆ ఆచార్యుని యిటీవలి వ్యాసములు రెండు మూడైనను చదివి, అర్థమైనదేదో, కానిదేదో గుర్తించుకొనవలెను. తెలియని ప్రశ్న వచ్చినపుడు మూగవోవుటయు తప్పు, కల్పించి చెప్పుటయు తప్పు. "ఇది నాకు తెలియదు, తెలిసికొనవలసివచ్చినచో ఈ మార్గమున మొదలుపెట్టెదను" అని ఆలోచనను బిగ్గరగా నడిపించుటయే పరిశోధకుని లక్షణము. పరీక్షకులు దానినే చూడగోరుచున్నారు.

భాషను గూర్చి ఒక మాట. పల్లెలలో తెలుగు మాధ్యమమున చదివివచ్చినవారు ఇంగ్లీషు ధాటిగా రాదను భయముచేత తమకు తెలిసినదానిని కూడ చెప్పలేకపోవుచున్నారు. వీరికి మేము చెప్పునది ఇది. ముందుగా మీ పనిని ఇంటిలోని తాతగారికో, అమ్మకో తెలుగులో అర్థమగునట్లు చెప్పుడు. వారు అడుగు ప్రశ్నలను ఓపికతో వినుడు. విషయము మాతృభాషలో తేటపడిన పిదప దానిని సాదా ఇంగ్లీషులోనికి తెచ్చుట పెద్దపని కాదు. చిన్న వాక్యములు, నిదానమైన ఉచ్చారణ చాలును. ప్రశ్న అర్థము కాకున్నచో మరల చెప్పుడని కోరుటలో సిగ్గుపడవలసినదేమియు లేదు. పెద్ద పదములతో కప్పిన అస్పష్టతకంటె తడబాటుతో చెప్పిన సత్యము మేలని ఆచార్యు లెరుగుదురు.

ఇంటర్వ్యూ ఇరువైపుల పరీక్ష యను సంగతియు మరువరాదు. విద్యార్థి తన యౌవనములో ఐదారేండ్లను అచ్చట ధారపోయబోవుచున్నాడు. ఈ ఆచార్యునివద్ద విద్యార్థులు ఎన్నేండ్లకు పట్టము పొందుచున్నారు? వేతనము ఎన్నేండ్లవరకు నిశ్చయము? వేసవిలో కూడ ఇత్తురా? పట్టము పొందినవారు ఇప్పుడెచ్చట నున్నారు? ఇవి అడుగదగిన ప్రశ్నలే, అడిగినవారిపై గౌరవము పెరుగునే గాని తగ్గదు. గడియారము సంగతి చిన్నదైనను దానివలన అవకాశములు పోవుట కలదు. శీతకాలమున న్యూయార్కులో ఉదయము 10 గంటలైనపుడు మనకు రాత్రి 8.30, కాలిఫోర్నియాలో ఉదయము 10 గంటలైనపుడు మనకు రాత్రి 11.30. మార్చి రెండవ ఆదివారమున అచ్చటి గడియారములు ఒక గంట ముందుకు జరుగును. అప్పుడు ఈ లెక్క 7.30, 10.30 అగును. ఆ రాత్రి కరెంటు పోయినను మాట తెగకుండునట్లు ఏర్పాటు చేసికొనుటయు సన్నాహములో భాగమే.

ఇంటర్వ్యూ ముగిసినది. ఇక నిరీక్షణ. మన యిండ్లలో అసలైన కష్టము ఇచ్చటనే మొదలగుచున్నది. జవాబు రాకున్న ప్రతిదినమును తిరస్కారమునకు గురుతుగా భావించి పిల్లలు కుమిలిపోవుచున్నారు. ఆ తలుపుల వెనుక ఏమి జరుగుచున్నదో తెలిసినచో ఈ బాధ కొంత తగ్గును. ఒక శాఖలో ఆ యేడు ఎందరికి వేతన మీయగలరో మొదట తేలవలెను. ఏ ఆచార్యునికి ఏ గ్రాంటు వచ్చునో, ఎవరు సెలవుపై పోవుదురో, నిరుటి విద్యార్థులలో ఎందరు మిగిలియున్నారో చూడవలెను. మొదటి జాబితాలోనివారు కాదనినగాని రెండవ జాబితాకు పిలుపు పోదు. ఒకే మధ్యాహ్నము ఇంటర్వ్యూ చేయబడిన ఇరువురిలో నొకరికి వారములో, మరియొకరికి రెండు నెలలకు జవాబు రావచ్చును. ఆలస్యము వేరు, నిరాకరణము వేరు. అట్లే నిరాకరణము వేరు, అయోగ్యత వేరు.

2025వ సంవత్సరము దీనికి తిరుగులేని నిదర్శనము. ఆ యేడు ఫిబ్రవరి 7న అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థ, పరిశోధనలకిచ్చు ద్రవ్యములో పరోక్ష వ్యయములకు నూటికి 15 పాళ్లు మించి యీయమని ప్రకటించెను. ఈ విషయము న్యాయస్థానములకెక్కెను. ద్రవ్యము నిలుచునో లేదో తెలియక పెక్కు విశ్వవిద్యాలయములు పి.హెచ్.డి. ప్రవేశములను తగ్గించెను. మసాచుసెట్సు రాష్ట్ర విశ్వవిద్యాలయపు చాన్ వైద్యవిద్యాలయము తాను పంపిన తాత్కాలిక ప్రవేశపత్రములను మార్చి మాసమున వెనుకకు తీసికొనెను. ఆ పత్రము లందుకొని సంతోషించిన విద్యార్థుల ప్రతిభ ఒక్క మాసములో తరిగిపోయెనా? లేదు. వారి ఇంటర్వ్యూలో లోపముండెనా? లేదు. రాజధానిలో జరిగిన ఒక నిర్ణయము వేల మైళ్ల దూరమున నున్నవారి భవిష్యత్తును కదిలించినది. తిరస్కార పత్రమును తన విలువకు కొలమానముగా తీసికొను ప్రతి విద్యార్థియు ఈ సంగతిని స్మరింపవలెను.

మన తెలుగువారిలోనే మహోదాహరణ మొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషనులో మూడవ ప్రయత్నమునగాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసులో వైద్యవిద్య చదివియు ప్రభుత్వ వైద్యశాఖలో చోటు దొరకక ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించిరి. అటుపిమ్మట అమెరికా చేరి, హార్వర్డులో చదువుచు ఆసుపత్రిలో చిన్న కొలువు చేసి పొట్టపోసికొనిరి. 1930లో పి.హెచ్.డి. పొందిరి. అంతటి పని చేసియు హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. 1940లో లెడర్లే సంస్థలో చేరి, 1948లో మరణించువరకు ఔషధ పరిశోధనలో మానవజాతికి మహోపకారము చేసిరి. వారి జీవితమునుండి తొలగించిన తలుపులు ఎన్ని! మూసికొన్న ప్రతి తలుపు నొద్దను ఆయన కూలబడియుండినచో లోకమునకు నష్టము కలిగియుండెడిది. అయితే ప్రతి నిరాశయు విజయమునకే దారితీయునని మేము చెప్పుట లేదు. ఒక సంస్థ చెప్పిన 'కాదు' అనుమాట మనుష్యుని గూర్చిన తుది తీర్పు కాదని మాత్రమే చెప్పుచున్నాము.

ఇపుడు పెద్దలతో ఒక మాట. ఇంటికి వచ్చిన ప్రతి బంధువును "ఏమైనది?" అని యడుగుట, ఎదురింటి అబ్బాయికి వచ్చినదని చెప్పుట, ప్రతి సాయంకాలము ఈమెయిలు చూచితివా యని వెంటబడుట, ఇవి ప్రేమచేత జరుగుచున్నవే కావచ్చును. విద్యార్థికి మాత్రము ఇవి ములుకులే. ఇంటివారందరు కలిసి ఒక నియమము చేసికొనుట మేలు. కబురు వచ్చిననాడు పిల్లలే చెప్పుదురు. అంతవరకు ఎవరును అడుగరాదు. ఉత్తరువు రాకమునుపే ఊరంతయు చాటుట ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమను సామెతను నిజము చేయుటయే. ఆ చాటింపు వలన తరువాత సిగ్గుపడవలసివచ్చునది తండ్రి కాదు, పిల్లవాడు. నిద్ర తగ్గి, తిండి మాని, మాట తగ్గించినవారిని కనిపెట్టియుండవలెను. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవను 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులో కూడ పొందవచ్చును. సహాయము కోరుట ఇంటి పరువునకు భంగమని తలచుట అవివేకము.

కుమార్తెల నిరీక్షణ మరింత కఠినమైనది. కుమారుడు మరియొక యేడు ప్రయత్నించుటకు ఒప్పుకొను తండ్రియే కుమార్తె విషయమున ఏప్రిల్ వరకు కూడ ఆగుట లేదు. సంబంధము వచ్చినది, మాఘములో ముహూర్తమున్నది, చదువు తరువాత చూచుకొనవచ్చును అని తొందరించుచున్నారు. ఆ 'తరువాత' రాకుండుట మన మందరము చూచుచున్నదే. అమ్మాయి ఇంటర్వ్యూలో ఆచార్యుల ప్రశ్నలకు తొణకక జవాబు చెప్పియుండగా, ఆమె భవిష్యత్తును ఆచార్యుల ఉత్తరముకంటె ముందుగా పెండ్లిపెద్ద నిర్ణయించుట న్యాయము కాదు. కుమారునికిచ్చు గడువునే కుమార్తెకును ఈయవలెను.

భూమిని గూర్చి చెప్పకుండుట మంచిది కాదు. ప్రవేశము వచ్చునను ఆశతోనే పొలము తాకట్టు పెట్టువారున్నారు. వేతనముతో కూడిన పి.హెచ్.డి.లో బోధనా రుసుమును సాధారణముగా విశ్వవిద్యాలయమే భరించి, జీవనమునకు వేతన మిచ్చును. దానికి ఎకరములు అమ్మవలసిన పని లేదు. స్వంత ఖర్చుతో చదువు ఎం.ఎస్. లెక్క వేరు. ఉత్తరువులో ఏది వ్రాసియున్నదో, వేతనము ఎన్నేండ్లకో, ఏ రుసుములు మినహాయింపో స్పష్టముగా చదివిన పిదపనే ధనము సంగతి ఆలోచింపవలెను. ఉత్తరువు చేతికి వచ్చిన పిమ్మటను వీసా ఇంటర్వ్యూ యనునది మిగిలియుండును. ఈ రెండును ముగియకముందు భూమిని కదల్చుట సాహసము.

విద్యార్థి ఈ కాలమున నేమి చేయవలెను? నాట్లు వేసిన రైతు మబ్బుల వైపు చూచుచు గట్టుమీద కూర్చుండడు. కలుపు తీయును, గట్లు చక్కజేయును, ఎరువు సంగతి చూచుకొనును. వర్షము అతని చేతిలో లేదు, పని యతని చేతిలో నున్నది. అట్లే విద్యార్థి తన పనిని ఆపరాదు. అసంపూర్తిగా నున్న వ్యాసమును ముగించుట, లోపమని ఇంటర్వ్యూలో తోచిన భాగమును చదువుట, స్వదేశమునందలి సంస్థలకు దరఖాస్తు చేయుట, ఒక ఉద్యోగమునో ప్రయోగశాలలో సహాయకత్వమునో చూచుకొనుట, ఇవన్నియు నిరీక్షణలో భాగములే. ఈమెయిలు చూచుటకు దినమునకు రెండు వేళలు పెట్టుకొనిన చాలును. చెప్పిన గడువు దాటినచో మర్యాదగా ఒక్క ఉత్తరము వ్రాయవచ్చును, వారమునకొకటి వ్రాయరాదు.

ఏప్రిల్ 15 వెంట నొక బాధ్యత కలదని చెప్పియుంటిమి. రెండు మూడు ఆహ్వానములు వచ్చిన విద్యార్థి, తాను పోదలచని చోటికి వెంటనే ఆ సంగతి తెలుపవలెను. గడువున్నది కదా యని అన్నింటిని పట్టుకొని కూర్చుండుట వలన, రెండవ జాబితాలో తనవలెనే నిద్రలేక వేచియున్న మరియొక విద్యార్థి వేదన పొడిగింపబడుచున్నది. ఆ విద్యార్థి తెనాలివాడో, కరీంనగరము పిల్లయో కావచ్చును. మనకు వద్దన్నదానిని త్వరగా విడుచుట విద్యావంతుల ధర్మము.

కడపట మన విద్యాసంస్థలను గూర్చి. విదేశ విశ్వవిద్యాలయములు ఎన్ని లోపములు గలవైనను, ఆలస్యముగానైనను కాదను మాటను సాధారణముగా ఉత్తరమున తెలుపుచున్నవి. మన యొద్ద ఎన్నికైనవారి సంఖ్యలు మాత్రము గోడమీదనో తెరమీదనో కనబడును. తక్కినవారికి ఒక్క పంక్తియైనను పోవుట అరుదు. ఊరినుండి రాత్రి బస్సెక్కి వచ్చి, వరండాలో దినమంతయు నిలిచి, పది నిమిషములు మాటలాడి పోయిన యువకునికి ఫలితము తెలుపు మర్యాద మన విశ్వవిద్యాలయములకు ఉండవలదా? ఇంటర్వ్యూ నాడే ఫలితపు తేదీని ప్రకటింపవలెను. ఆ తేదీ తప్పినచో కారణము చెప్పవలెను. ఎన్నిక కానివారికి కూడ జవాబు పంపవలెను. విషయము తెలిసి భాష తడబడు అభ్యర్థిని తెలుగులో చెప్పనీయవలెను. వీనికి కొత్త భవనములు అక్కరలేదు, కొత్త గ్రాంట్లు అక్కరలేదు. తెలుగుదేశమందలి విశ్వవిద్యాలయముల ఉపాధ్యక్షులు రాబోవు ప్రవేశముల నాటికి ఈ నాలుగింటిని ఆచరణలో పెట్టవలెనని కోరుచున్నాము. స్వదేశమున మర్యాద దొరికినచో, మన పిల్లలలో కొందరైనను ఇచ్చటనే నిలిచి పరిశోధన సాగింతురని మా విశ్వాసము.